దక్షిణపు గది కిటికీ

లువాన్ షూచిన్ తన అత్తగారి గదికని చేయించిన రెండద్దాల కిటికీని అమ్ముకుని, ముసలావిడను చలికి వదిలేసిందని మా ఏడో నంబరు భవనంలో ఒక మాట తిరుగుతోంది. తాన్ అవ్వ పోయి ఏడాది దాటింది గాని ఆ మాట పోలేదు. మొన్న నేను పెరట్లో చలికాలపు క్యాబేజీలు ఎండకు పరుస్తుంటే, కొత్తగా అయిదో అంతస్తులో దిగిన అమ్మాయి చంకలో బిడ్డతో వచ్చింది.

"దింగ్ పెద్దమ్మా, అత్తను చలికి చంపిన కోడలు మన మెట్ల దారిలోనే ఉంటుందట కదా, ఏ అంతస్తు?" అని అడిగింది. టోఫు కొట్టు ఎక్కడ అన్నంత తేలిగ్గా అడిగింది.

"ఎవరే నీకు చెప్పింది?"

"అందరూ అంటున్నారుగా."

ఆ అందరూ ఎవరో నాకు తెలుసు. ఆ సంగతి తర్వాత చెబుతాను. నోటితో చెబుదామంటే మా పెరట్లో ఎవరూ ఒక మాటను చివరిదాకా పోనివ్వరు, మధ్యలో ఒకరు క్యాబేజీ ధర ఎత్తుకుంటారు, ఇంకొకరు మోకాళ్ల నొప్పులు ఎత్తుకుంటారు. అందుకే రాస్తున్నాను.

కిటికీ అమ్మిన మాట నిజం. తక్కిందంతా అబద్ధం.

షూచిన్ కూర్చోవడం తెలియని మనిషి. నార మిల్లులో పనిచేసినన్నాళ్లూ మగ్గాల మధ్య అటూ ఇటూ నడిచిన కాళ్లు, మిల్లు మూతబడ్డాక కూడా ఆగలేదు. అన్నం పొయ్యి దగ్గర నిలబడే తింటుంది. మాట్లాడుతూ బల్ల తుడుస్తుంది, తుడిచిన బల్లే మళ్లీ తుడుస్తుంది. మిల్లు పోయాక వీధి చివర స్నానశాలలో ఆడవాళ్ల వైపు వీపులు రుద్దే పనికి కుదిరింది. హార్బిన్‌లో ఇంకే పని చేసినా ఇంతమంది గుట్టు తెలియదనుకుంటాను. మా పేటలో ఎవరి నడుము మీద మచ్చ ఉందో, ఎవరు కొత్తగా బరువెక్కారో, ఎవరి భుజం మీద మొగుడి చేతి గుర్తులున్నాయో ఆమెకు తెలుసు. ఒక్కటీ బయటికి రాదు. నేను ఎన్నోసార్లు ఆ బల్ల మీద బోర్లా పడుకుని, అడగదగ్గ తీరులన్నిటా అడిగి చూశాను. నా ప్రశ్న ఎంత సూటిగా ఉంటే ఆమె చేతి గరుకు తొడుగు అంత గట్టిగా దిగేది.

ఆమె భర్త తాన్ యుంగ్‌న్యెన్ దూరపు రైళ్లలో పెట్టె చూసుకునే ఉద్యోగి. వారంలో సగం పట్టాల మీదే. కాబట్టి ఇంట్లో ఉండేది ఎప్పుడూ ఆ ఇద్దరే: షూచిన్, అత్తగారు తాన్ అవ్వ. నాలుగో అంతస్తు, భవనం చివరి ఇల్లు. నది మీంచి వచ్చే గాలి ముందు ఆ గోడనే తన్ని తర్వాత మిగతావాళ్ల సంగతి చూస్తుంది. రెండు గదులు. ఉత్తరపు గది మొగుడూ పెళ్లాలది, దక్షిణపు గది అవ్వది.

మా కిటికీలన్నీ భవనం కట్టినప్పటి చెక్క కిటికీలు. బయట ఒక జత రెక్కలు, లోపల ఒక జత, మధ్యలో మూరెడు ఖాళీ. చలికాలం ఆ ఖాళీలో డంప్లింగులు, గడ్డకట్టిన నల్ల బేరిపళ్లు పెట్టుకునేవాళ్లం. కరెంటు అక్కర్లేని ఫ్రిజ్. అయితే చెక్క వంకర్లు తిరిగింది. ఏటా ఆకురాలే కాలంలో మైదా జిగురు ఉడకబెట్టి, సందులన్నిటి మీదా కాగితం పట్టీలు అతికించేవాళ్లం. అయినా జనవరిలో కొవ్వొత్తి వెలిగిస్తే దాని మంట గది లోపలికి వంగేది.

అలాంటి ఒక జనవరిలోనే తాన్ అవ్వ ఊపిరితిత్తులకు నిమ్ము చేరింది. ఆస్పత్రిలో చాలా రోజులు పడింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు షూచిన్‌ను నడవలోకి పిలిచి చెప్పాడు: "ఆ గదిలో ఆ గాలికి ఇంకొక చలికాలం గడిపితే మాత్రం నా దగ్గరికి తేకండి. తెచ్చి లాభం ఉండదు."

ఆ రోజునుంచి షూచిన్‌కు కిటికీ తప్ప ఇంకో ధ్యాస లేదు.

అప్పటికే మా మెట్ల దారిలో ఒక్కొక్కరూ చెక్క పీకించి ప్లాస్టిక్ చట్రాల రెండద్దాల కిటికీలు వేయించుకుంటున్నారు. అద్దాల మధ్య గాలిని బంధించి మూసేస్తారు, చలి లోపలికి రాదు, వేడి బయటికి పోదు, వీధి చప్పుడు కూడా వినబడదు. నేను మా పిల్లల డబ్బుతో వేయించుకున్నాను. షూచిన్ తన సొంత లెక్కతో వేయించుకోవాలి. ఆమె లెక్క యువాన్లలో ఉండేది కాదు, వీపుల్లో ఉండేది.

"దక్షిణపు గదికి ఇన్ని వందల వీపులు పెద్దమ్మా," అనేది నా మెడ రుద్దుతూ. "ఉత్తరపు గది కాస్త చిన్నది. వంటింటికి వీపులు మిగలవు. దానికి ప్లాస్టిక్ కాగితం కొడతాను."

"ఒక్క దక్షిణపు గదికే వేయించరాదూ? ముసలావిడ ఉండేది అక్కడేగా."

"కిటికీల పాంగ్ కుదరదన్నాడు. ఒక గది మూసి ఒకటి తెరిచి ఉంచితే తలుపు కింద నుంచి గాలి ఈలలు వేస్తుందట. రెండూ కలిపి చేయిస్తే కొంత తగ్గిస్తానన్నాడు. కాని మంచు పడకముందే చేయించాలి. చట్రం చుట్టూ నింపే నురగ గడ్డకట్టే చలిలో పట్టదట." చెయ్యి వేగం పెరిగింది. "లావు వీపుకీ సన్న వీపుకీ ఒకటే రేటు, ఇదేం న్యాయం చెప్పు? అద్దానికైతే చదరపు మీటరు లెక్క."

"నన్ను చూసి అంటున్నావా?"

"నిన్ను చూశాకే తోచింది."

అలా వసంతం, వేసవి గడిచాయి. యుంగ్‌న్యెన్ సిగరెట్టు మంచి రకం నుంచి చవక రకానికి, చవక రకం నుంచి ఊపిరాడని రకానికి దిగింది. షూచిన్ పనికి నడిచే వెళ్లేది, బస్సు డబ్బు కిటికీలోకి పోయేది. పండగ ముందు రోజుల్లో స్నానశాలలో జనం కిటకిటలాడితే అందరూ విసుక్కునేవాళ్లు, ఆమె మాత్రం వరసలో ఉన్నవాళ్లను చూసి "ఇదిగో ఈవిడ కింది చట్రం, ఆ వెనకావిడ గొళ్లెం" అని గొణుక్కునేది. ఆగస్టులో అద్దం ధర పెరిగింది. పాంగ్ దగ్గరికి రోజూ వెళ్లి నిలబడేది. అతను విసిగిపోయి, "అక్కా, నువ్వు నా గుమ్మంలో ఉంటే కొనేవాళ్లు నువ్వేదో అప్పు వసూలుకొచ్చావనుకుంటున్నారు. పాత ధరకే ఇస్తాలే, పో," అన్నాడు.

అడ్వాన్సు కట్టింది. పాంగ్ వచ్చి కొలతలు తీసుకున్నాడు. సెప్టెంబరు పోతోంది, గాలి మారింది. షూచిన్ మెట్లు దిగుతూ ఆకాశం చూసేది, ఎక్కుతూ ఆకాశం చూసేది. మేడ మీద ఆమె అడుగుల చప్పుడుకి నా దీపం ఊగేది, నేను సరిగ్గా ఆమె కింద మూడో అంతస్తులో ఉంటాను మరి.

కిటికీలు వచ్చిన రోజు నేను గుప్పెడు పొద్దుతిరుగుడు గింజలు జేబులో పోసుకుని పైకి వెళ్లాను. పిలవలేదు. పిలిచేదాకా ఆగితే ఈ పేటలో ఏదీ చూడలేం.

మధ్యాహ్నానికల్లా ఉత్తరపు గదిది బిగించేశారు. మూయగానే గది చెవులు మూసుకున్నట్టయింది. షూచిన్ అద్దానికి చెంప ఆనించి, "రావడంలేదు పెద్దమ్మా, గాలి ఇసుమంత కూడా రావడంలేదు," అని నవ్వింది. ఆమె పళ్లన్నీ నేను చూడడం అదే మొదలు.

ఇక దక్షిణపు గది. పాంగ్, అతని ఇద్దరు పనివాళ్లు సుత్తి, ఉలి పట్టుకుని లోపలికి వెళ్లేసరికి తాన్ అవ్వ కిటికీ గట్టు మీద ఎక్కి కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి, అంత ఎత్తుకి ఎలా ఎక్కిందో! చేతికర్ర ఒళ్లో అడ్డంగా పెట్టుకుంది.

"దిగు అవ్వా, దుమ్ము పడుతుంది," అన్నాడు పాంగ్.

"పడనీ."

"కిటికీ తియ్యాలి."

"తియ్యి. నన్ను కూడా కలిపి తియ్యి. కిందికి తీసుకెళ్లి పాత చెక్కల్లో పారెయ్యి."

నేను కలగజేసుకున్నాను. "ఇదేం మొండితనం అవ్వా? కోడలు ఏడాదంతా వీపులు రుద్ది కొన్న కిటికీ ఇది. ఉత్తరపు గదిలోకి వచ్చి చూడు, కంబళి కప్పుకున్నట్టుంది."

"అదే వద్దంటున్నా. నాకు మూసేసిన గదిలో నిద్ర రాదు."

"మొన్నటి చలికాలం ఆస్పత్రిలో మటుకు బాగా వచ్చింది!"

"దింగ్, నీ గింజలు నువ్వు తిను."

షూచిన్ వంటింట్లోంచి వచ్చింది. బతిమాలింది. కసిరింది. డాక్టరు మాట గుర్తుచేసింది. పాంగ్ గడియారం చూసుకుంటూ, సాయంత్రానికి చలి దిగుతుంది, నురగ పట్టదు అంటున్నాడు. అప్పుడు అవ్వ కోడలి చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగింది. చెవిలో ఏదో చెప్పింది. నేను గింజలు నమలడం ఆపి మరీ విన్నాను, ఒక్క అక్షరం అందలేదు. కనబడింది మాత్రం చెబుతాను: షూచిన్ మొహంలో రంగు దిగిపోయింది. ఎప్పుడూ ఆగని ఆ మనిషి కదలకుండా నిలబడిపోయింది.

తర్వాత పాంగ్ వైపు తిరిగి, "ఈ గది వద్దు," అంది.

"వద్దంటే? కొలతకు కోసిన కిటికీ అక్కా, నా నెత్తిన పెట్టుకోనా?"

"నీ డబ్బు నీకిస్తాను. కిటికీ మెట్ల మీద పెట్టి వెళ్లు."

నేను మెట్ల దాకా ఆమె వెంట పడ్డాను. "ఏం చెప్పింది? ఏమిటే చెప్పింది?" అన్నాను. "జిగురుకి మైదా ఉందా పెద్దమ్మా నీ దగ్గర?" అంది. అంతే.

నాకు ఆ వారమంతా ముద్ద దిగలేదు.

మా మెట్ల దారిలో అన్ని దక్షిణపు గదులూ ఒకటే కొలత. రెండో అంతస్తు మెంగ్ గుయ్‌ఫాంగ్, పాత సరుకుల దుకాణంలో తూకం వేసి రిటైరైన మనిషి, మెట్ల మీద కిటికీని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి బేరం మొదలెట్టింది. "ఇంకొకరి కోసం చేసిందేగా. చెయ్యి మారిన సరుకు," అంటూ బాగా తగ్గించి కొన్నది. షూచిన్ ఎక్కువ వాదించలేదు. ఆమెకు ఏదో తొందర ఉంది. డబ్బు చేతిలో పడగానే శాలువా కట్టుకుని బజారుకి పరుగెత్తింది. మర్నాడూ పరుగెత్తింది. అవి ఊరి బాయిలర్ల నుంచి, ఇళ్లను వెచ్చబెట్టే గొట్టాల్లోకి వేడినీళ్లు నింపబోయే రోజులు. వీధంతా ఏదో ఒక పనిమీద ఉరుకుతూ ఉంటుంది కాబట్టి ఆమె దేనికి ఉరికిందో నేను పట్టించుకోలేదు.

కొత్త కిటికీ వెనక వెచ్చగా కూర్చుని మొట్టమొదట ఆ మాట అన్నది మెంగే. "అత్తకని చేయించిన కిటికీ నాకు అమ్మిందంటే ఎంత గుండె ఉండాలి! తన గదికేమో బిగించుకుంది."

"మరి కొన్నదానివి నువ్వేగా," అన్నాను.

"నేను కొన్నది గాజు. పాపం నాకు అమ్మలేదుగా."

మంచు పడింది. పెరట్లోంచి తల ఎత్తితే నాలుగో అంతస్తు కనిపించేది. ఒక పక్క కొత్త తెల్లచట్రం, ఒక పక్క రంగు ఊడిన పాత చెక్క. అదీగాక పాత కిటికీ పై మూలన సన్నగా ఆవిరి వస్తూ, అక్కడ గోటి మందాన మంచు వేలాడేది. అంటే ఆ సందుకి కాగితం కూడా అతికించలేదన్నమాట. "చూడు, జిగురుకి కూడా కక్కుర్తి," అంది మెంగ్. ఆ మాట స్నానశాల దాకా పాకింది. కొందరు షూచిన్ బల్ల వదిలి పక్క బల్లకు మారారు. ఆమె వీపులు తగ్గిపోయాయి. ఎవరూ లేనప్పుడు ఖాళీ బల్ల మీద నీళ్లు పోసి రుద్దుతూ ఉండేదని స్నానశాల గుమాస్తా చెప్పింది.

నాకిక ఆగలేదు. షూచిన్ పనికి పోవడం చూసి, పులియబెట్టిన క్యాబేజీ పెట్టిన డంప్లింగులు ఒక గిన్నెడు పట్టుకుని పైకెక్కాను. ఆ సందు సంగతి చూద్దామని ఇంకో గిన్నెలో జిగురు కూడా పట్టుకెళ్లాను.

దక్షిణపు గది తలుపు తీసేసరికి వేడి నా మొహానికి తగిలింది. ఆవిరి బుట్ట మూత తీసినట్టు. తాన్ అవ్వ పల్చటి చేతుల్లేని చొక్కాతో, మంచం మీద కాళ్లు చాపుకుని బేరిపండు చీకుతోంది. కిటికీ కింద మునుపు గదిని వెచ్చబెట్టే చిన్న వేడినీళ్ల రేడియేటర్ ఉండే చోట, ఇప్పుడు గోడ పొడుగునా మడతలు మడతలుగా సాగిన కొత్త రేడియేటర్. కిటికీ రెక్కలకు మందపాటి ఉన్ని పట్టీలు, వాటిమీద తీరుగా అతికించిన కాగితం. దూదిపరుపులాంటి తెర. అప్పుడు అర్థమైంది, షూచిన్ బజారుకి ఎందుకు పరుగెత్తిందో. గొట్టాల్లో నీళ్లు నింపేలోపే ఆ మడతలు తగిలించాలి, తర్వాత ఎవడూ చెయ్యి పెట్టడు.

"ఏమిటవ్వా, వీధంతటికీ కాచి పోస్తున్నారా?"

"నా కిటికీ డబ్బంతా అదిగో ఆ గోడకి వేలాడుతోంది," అంది అవ్వ. "గిన్నెలో ఏముంది?"

డంప్లింగులు ఇచ్చాను. తింటూంటే తల ఎత్తి చూశాను. పై మూలన ఒక్క సందు, జానెడంత, నిజంగానే అతికించకుండా ఉంది. దాని ముందు ఎర్ర ఉన్నిదారం ఒకటి మేకుకి కట్టి వేలాడుతోంది. గాలికి మెల్లగా ఊగుతోంది.

"షూచిన్ మరిచిపోయినట్టుంది. నేను పూసేస్తాలే," అని స్టూలు జరిపి, జిగురు గిన్నె ఎత్తాను.

ముసలావిడ చెంచాతో నా మణికట్టు మీద ఎంత గట్టిగా కొట్టిందంటే జిగురంతా నా చెప్పుల్లో పడింది.

"తాకావంటే కిందికి తోసేస్తా!"

"పిచ్చెక్కిందా? నీ ఊపిరితిత్తులకే కదా!"

నేను స్టూలు దిగి పక్కన కూర్చున్నాను. అవ్వ దారాన్నే చూసింది. తర్వాత చెప్పింది. అప్పుడు కూడా నా వైపు చూడలేదు.

ఈ భవనాలు లేనప్పటి మాట. యుంగ్‌న్యెన్ ఇంకా పుట్టలేదు. ఒంటిగది పెంకుటిల్లు, గదిలోనే బొగ్గు పొయ్యి. తాన్ అవ్వ వేరు కాపురం పెట్టిన మొదటి ఆకురాలే కాలం. తన చేత్తో జిగురు కాచి, తన చేత్తో కిటికీ సందులన్నీ అతికించింది. చుట్టుపక్కల ఆడవాళ్లు చూడ్డానికి వచ్చారు. దారం కూడా దూరదు, ఏం చెయ్యి అమ్మా నీది అని మెచ్చుకున్నారు. చలి ముదిరిన ఒక పొద్దున పొయ్యిలో బొగ్గు కుక్కి, మంచం మీద నిద్రపోతున్న కూతురికి దుప్పటి సరిచేసి, రేషన్ బియ్యం వరసలో నిలబడడానికి వెళ్లింది. పిల్ల పేరు షియావ్‌హ.

"తిరిగొచ్చేసరికి బుగ్గలు ఎర్రగా ఉన్నాయి," అంది అవ్వ. "ఎంత వెచ్చగా పడుకుందో అనుకున్నా. బియ్యం డబ్బాలో పోసి, కూర తరిగి, అప్పుడు లేపాను."

గదిలో రేడియేటర్ టకటకమంటోంది. నేను వంగి చెప్పుల్లో పడ్డ జిగురు తుడుచుకున్నాను.

"ఇప్పుడు పొయ్యి లేదుగా అవ్వా," అన్నాను చివరికి. "నీళ్ల గొట్టాలేగా. పిల్లను పట్టుకుపోయిన ఆ బొగ్గు పొగ ఇక్కడెక్కడిది?"

"నాకు తెలీదా? తల ఒప్పుకుంటుంది. ముక్కు ఒప్పుకోదు. సందు మూస్తే నాకు ఊపిరి ఆడదు, లేచి కూర్చుంటా. పోయిన చలికాలం వరకూ అందరూ నిద్రపోయాక నేనే లేచి, గోటితో పట్టీ గీకి తెరుచుకునేదాన్ని. అందుకే గాలి కొట్టి నిమ్ము చేరింది. షూచిన్‌కి ఆ రోజు గట్టు మీద చెప్పేదాకా తెలీదు." నోరు తుడుచుకుంది. "ఇప్పుడు సందు షూచినే తెరిచి ఉంచుతుంది. పనినుంచి రాగానే స్టూలెక్కి దారం ఊగుతోందో లేదో చూపిస్తుంది. 'చూడమ్మా, గాలి వస్తోంది' అంటుంది. అప్పుడు పడుకుంటా."

"మరి కింద మెంగ్ ఏమంటోందో తెలుసా? నీ కోడలి పేరు పెరడంతా..."

"తెలుసు. చెప్పేస్తానన్నా. షూచిన్ వద్దంది. 'మన పిల్ల సంగతి గింజలు నములుతూ మాట్లాడతారమ్మా, వద్దు' అంది." అవ్వ నా జేబు వైపు చూసింది. నేను చేత్తో కప్పుకున్నాను. "నువ్వు మాత్రం నేను పోయాక చెప్పు. బతికుండగా చెప్పావంటే మెట్ల మీద కనబడ్డ ప్రతిదీ నా చెయ్యి పట్టుకుని నిట్టూరుస్తుంది. జాలి నా ఒంటికి పడదు, కడుపు చెడుతుంది."

"అన్నాళ్లు నేను నోరు మూసుకోవాలా?"

"అందుకేగా నీకు చెప్పింది. నేను త్వరగా పోవాలని నువ్వు కోరుకుంటావో లేదో చూద్దామని."

అవ్వ త్వరగా పోలేదు. డాక్టరు ఒక్క చలికాలం కూడా దాటదన్న మనిషి, ఆ సందు తెరిచి ఉన్న గదిలోనే నాలుగు చలికాలాలు దాటింది. దగ్గు వచ్చేది, పోయేది. నిమ్ము మళ్లీ చేరలేదు. ఆ నాలుగేళ్లూ నేను నోటికి గుడ్డ కట్టుకున్నట్టే బతికాను. మెంగ్ ఆ మాట ఎత్తిన ప్రతిసారీ లేచి ఇంటికి వచ్చేసేదాన్ని. నాకు మోకాళ్ల నొప్పులనుకున్నారు.

ఆవిడ పోయింది నడివేసవిలో, కర్బూజ తిని, కిటికీలు బార్లా తెరిచిన మధ్యాహ్నం. చలికి కాదు. ఇది మాత్రం మా మెట్ల దారిలో అందరూ రెండుసార్లు చదవండి.

అవ్వ పోయాక నేను వెంటనే చెప్పి ఉండాల్సింది. ముందు షూచిన్ నోటితో అనిపించాలని ఆగాను. ఆమె మాట అయితే ఎవరూ కాదనలేరు. కాని ఆమె నిలబడితేగా! ఎదురుపడితే చేతిలో బుట్ట, కాళ్లలో తొందర. దక్షిణపు గదిలో ఇప్పుడు ఎవరూ పడుకోరు. అయినా ఈ ఏడు కూడా పాత చెక్క మీద కాగితం అతికించింది. కింద నుంచి చూశాను. పై మూల సందు తెరిచే ఉంది.

క్యాబేజీల దగ్గర ఆ కొత్త అమ్మాయి అడిగిన మర్నాడే స్నానశాలకు వెళ్లాను. శనివారం, బల్లలన్నీ నిండి ఉన్నాయి. నేను కావాలనే ఆగి, పక్క బల్ల మీద మెంగ్ గుయ్‌ఫాంగ్ బోర్లా పడుకున్నాక షూచిన్ బల్ల ఎక్కాను. ఆవిరి మధ్య ఆడవాళ్లంతా కబుర్లలో ఉన్నారు.

షూచిన్ గోరువెచ్చటి నీళ్లు పోసి, నా భుజం దగ్గర మొదలుపెట్టింది. నేను గొంతు పెంచాను. నా గొంతు పెంచితే ఆ హాల్లో వినబడని మూల లేదు.

"షూచిన్, అవ్వ పోయింది. ఇక దాచడానికి ఎవరూ మిగల్లేదు. ఆవిడే నాకు చెప్పింది, పోయాక చెప్పమని కూడా అంది. కాని నీ నోటితో వినాలని నేను ఇన్నాళ్లూ ఆగాను. ఇదిగో ఇంతమంది ఉన్నారు, మెంగ్ కూడా ఉంది. నిజం చెప్పు. అత్తగారి కిటికీ ఎందుకు అమ్మావు?"

కబుర్లు ఆగిపోయాయి. మెంగ్ తల ఎత్తి ఇటు తిప్పింది, జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. షూచిన్ చెయ్యి నా వీపు మీద ఆగింది. ఆమె చెయ్యి ఆగడం నేను చూసింది అది రెండోసారి. ఇప్పుడు చెబుతుంది అనుకున్నాను.

చెంబెడు నీళ్లు నా నడుం మీద ధారగా పోసింది.

"డబ్బు చాల్లేదు పెద్దమ్మా," అంది. "ఇటు తిరుగు, ఈ పక్క ఇంకా రుద్దలేదు."